నేర్చుకొనుట, మానుకొనుట

(శతవార్షికోత్సవముల సందర్భమున జరిగిన కుటుంబ కూటములో చేసిన ప్రసంగము)



ఈ కూటములో మాట్లాడమని పిలిచినప్పుడు పెద్దలు మాతో ఒక మాట అన్నారు. "అయ్యగారూ, ప్రతి ఆదివారము మీ ప్రసంగము వింటూనే ఉన్నాము. ఈసారి ఇల్లు నడుపుకొనుటకు, పిల్లలను పెంచుకొనుటకు పనికివచ్చే సంగతి ఏదైనా చెప్పండి" అన్నారు. ఆ మాట మాకు నచ్చినది. వేదాంత కళాశాలలో మేము చదివిన పాఠ్యాంశములలో మనస్తత్వశాస్త్రము ఒకటి. అందులో మనిషి ఎట్లు నేర్చుకొంటాడో చెప్పే భాగమును అభ్యసనము అంటారు. ఈ సభలో ఉపాధ్యాయ శిక్షణ పొందినవారు చాలామంది ఉన్నారు. వారికి ఈ సంగతులు కొత్తవి కావు. మిగిలినవారి కొరకు వీలైనంత తేటగా చెప్పుటకు ప్రయత్నిస్తాము.

నేర్చుకొనుట అనగానే మనకు బడి, పలక, పుస్తకము గుర్తుకు వస్తాయి. కాని బడిలో నేర్చుకొన్నదానికంటె బడి బయట, మనకు తెలియకుండ నేర్చుకొన్నదే ఎక్కువ. భయపడుట నేర్చుకొన్నాము. అలుగుట నేర్చుకొన్నాము. కాఫీ పడనిదే పని మొదలుపెట్టకుండుట నేర్చుకొన్నాము. ఎవరి యెదుట నోరెత్తకూడదో, ఎవరి మీద గొంతు లేపవచ్చునో నేర్చుకొన్నాము. వీటికి గురువు ఎవరు? ఆ పాఠము ఎప్పుడు జరిగినది? నేర్చినదానిని మానవలెనంటే ఏమి చేయవలెను? ఇదే నేటి విషయము. ఈ చివరి ప్రశ్న మాకు పుస్తకములో ఎదురైనది కాదు. మేము చేసిన ఒక తప్పు వలన ఎదురైనది. దానిని చివరలో చెప్పుకొంటాము.

జోడు కుదిరిన సంగతులు

చింతకాయ పచ్చడి అన్న మాట వింటేనే మనలో చాలామందికి నోట నీరూరుతుంది. మాటలో పులుపు లేదు గదా! అన్నము కంచము కడిగే చప్పుడు వినగానే వీధి కుక్క పెరటి గుమ్మములోనికి వచ్చి నిలుచుంటుంది. చప్పుడులో మెతుకు లేదు గదా! ఈ చిన్న విషయమును పట్టుకొని జీవితమంతా పరిశోధించిన మహనీయుడు ఇవాన్ పావ్లోవ్. ఆయన 1849లో రష్యా దేశములోని ర్యాజాన్ పట్టణములో పుట్టినారు. తండ్రి క్రైస్తవ గురువు. కుమారుడు కూడ ఆ పని కొరకే వేదాంత పాఠశాలలో చేరి, మధ్యలో విడిచి, 1870లో సెంట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయమునకు వెళ్ళి ప్రకృతి శాస్త్రములు చదివినారు. ఆహారము జీర్ణమగు విధమును గూర్చి చేసిన కృషికి 1904లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

ఆ పరిశోధనలోనే ఆయనకు ఒక చిత్రము కనబడినది. తిండి నోట పడినప్పుడు కుక్కకు లాలాజలము ఊరుట సహజము. కాని తిండి తెచ్చే మనిషి అడుగుల చప్పుడుకే కొన్ని కుక్కలకు నోరూరుతున్నది. అప్పుడు ఆయన ఒక శబ్దమును వినిపించి, వెంటనే తిండి పెట్టించినారు. ఇట్లు పలుమార్లు చేసిన పిమ్మట శబ్దము ఒక్కటే వినిపించినా లాలాజలము ఊరినది. రెండు సంగతులు మాటిమాటికి జోడుగా వస్తే, మొదటిది రెండవదానికి గుర్తుగా నిలిచిపోతుంది. దీనికే మన తెలుగు పాఠ్యగ్రంథములలో శాస్త్రీయ నిబంధనము అని పేరు పెట్టినారు.

ఇందులో గమనింపవలసినది ఏమంటే, కుక్క ఆలోచించి నిర్ణయించుకొన్నది కాదు. నోరు దానంతట అదే ఊరినది. మనలోను ఇట్లు మన అనుమతి అడగకుండ జరిగే పనులు ఎన్నో ఉన్నవి. ఆసుపత్రి మందు వాసనకు కడుపులో తిప్పుట, రాత్రివేళ ఫోను మ్రోగితే గుండె జల్లుమనుట, చనిపోయిన తల్లి చీర పెట్టెలో కనబడగానే కన్నీరు వచ్చుట, ఇవన్నియు జోడు కుదిరిన సంగతులే.

భయము వచ్చిన దారి, పోయే దారి

భయమును గూర్చి కొంచెము ఎక్కువగా చెప్పవలెను. 1920లో అమెరికాలో జాన్ వాట్సన్, రోసలీ రేనర్ అను ఇద్దరు ఒక పరీక్ష చేసినారు. పదకొండు నెలల పసివాడు ఒకడు తెల్ల ఎలుకను చూచి ఏమాత్రము జంకక చేయి చాచేవాడు. వాడు ఎలుకను ముట్టుకొనబోయినప్పుడెల్ల తల వెనుక ఒక ఇనుప కడ్డీని సుత్తితో గట్టిగా కొట్టినారు. పసివాడు అదిరిపడి ఏడ్చినాడు. కొన్నిమార్లు అట్లు జరిగిన తరువాత చప్పుడు లేకపోయినా ఎలుకను చూడగానే ఏడ్చుట మొదలుపెట్టినాడు. అంతటితో ఆగలేదు. ఆ భయము కుందేలుకు, కుక్కకు, ఉన్ని కోటుకు కూడ పాకినది. దీనిని సాధారణీకరణము అంటారు. ఆ భయమును తీసివేయకముందే పసివాడిని తల్లి తీసుకొనిపోయినది. ఇట్టి పరీక్షను ఈనాడు ఏ దేశములోను అనుమతింపరు. మేము ఆ పేజీ చదివిన రోజున పరిశోధకుల మీద మాకు కోపము వచ్చినది. కాని మన ఇండ్లలో అటువంటి ఇనుప కడ్డీలు ఎన్ని మ్రోగుచున్నవో అప్పుడు మేము ఆలోచించలేదు.

భయము పోయే దారిని 1924లో మేరీ కవర్ జోన్స్ అను విదుషీమణి ప్రకటించినారు. పీటర్ అను మూడేండ్లు నిండని బాలుడు కుందేలును చూస్తే గడగడలాడేవాడు. ఆమె వాడిని కూర్చుండబెట్టి ఇష్టమైన తినుబండారము ఇచ్చి, కుందేలును దూరమున ఉంచినారు. వాడు హాయిగా తింటున్నంతసేపు దానిని కొంచెము కొంచెముగా దగ్గరకు తెచ్చినారు. కుందేలుకు భయపడని ఇతర పిల్లలను కూడ అక్కడ ఆడుకొననిచ్చినారు. తొందరపెట్టలేదు, వెక్కిరించలేదు. చివరకు వాడు కుందేలు తన వ్రేళ్ళను కొరుకుతున్నా నవ్వుచు ఉండగలిగినాడు.

ఈ సంగతి మాకు మా ఇంటిలోనే అక్కరకు వచ్చినది. మా రెండవ అమ్మాయికి లెక్కలంటే భయము. పుస్తకము తీయగానే ముఖము వాడిపోయేది, పెన్సిలు పట్టిన చేయి వణికేది. బడిలో ఎవరో భయపెట్టినారని మేము అనుకొన్నాము. ఒకనాడు మా ఇంటావిడ మెల్లగా అన్నది: "బడిలో కాదండీ, మీ దగ్గరే. సాయంత్రము కూటము నుంచి అలసి వచ్చి, చెప్పులైనా విడువకుండ 'ఎక్కాలు అప్పజెప్పు' అంటారు. తప్పు చెప్పితే బల్ల మీద చరుస్తారు. దానికి లెక్కల పుస్తకము అంటే మీ చేతి చప్పుడే." ఇంతకు మించిన వివరణ ఏ గ్రంథములోను మేము చదువలేదు.

అప్పుడు పీటరు దారినే పట్టినాము. నెల రోజులు లెక్కల పుస్తకము తీయనే లేదు. రాత్రి భోజనమునకు ముందు వేరుసెనగ కాయలు కుప్పపోసి పంచుకొనే ఆట ఆడినాము. ఇరవై కాయలు నలుగురికి ఎన్నేసి? మిగిలినవి ఎవరివి? తరువాత కాగితము వచ్చినది. చివరకు పుస్తకము వచ్చినది. అమ్మాయి లెక్కలలో పండితురాలు కాలేదు. కాని ఇప్పుడు పుస్తకము తెచ్చి మా ప్రక్కన కూర్చుంటుంది. మాకు అది చాలును.

ఫలితమే గురువు

ఇంతవరకు మన ప్రమేయము లేకుండ జరిగే నేర్పును చూచినాము. రెండవ విధము మనము చేసే పనుల వలన వచ్చునది. అమెరికాలో ఒక బోధకుని కుమారుడైన ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో ఆకలిగొన్న పిల్లులను చెక్కపెట్టెలలో ఉంచి, బయట తిండి పెట్టినారు. లోపల ఒక గడియ ఉన్నది. పిల్లి గోకినది, కొరికినది, అటు ఇటు దూకినది. ఆ గందరగోళములో ఒకసారి కాలు తగిలి గడియ ఊడినది. మరల పెట్టెలో ఉంచితే కొంచెము త్వరగా వచ్చినది. పదేపదే ఉంచగా పనికిరాని చేష్టలు తగ్గి, గడియ మీదికే పోయినది. దీనిని యత్నదోష అభ్యసనము అంటారు. మంచి ఫలితమిచ్చిన చేష్ట నిలుస్తుంది, ఇవ్వనిది రాలిపోతుంది. అద్దె సైకిలు మీద తొక్కుడు నేర్చుకొన్నవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. మోకాటి మీది మచ్చలే సాక్ష్యము.

ఈ సూత్రమును బి. ఎఫ్. స్కిన్నర్ (1904–1990) ఇంకను ముందుకు తీసుకొనిపోయినారు. చేసిన పని వెంట వచ్చి ఆ పనిని బలపరచునది పునర్బలనము. మిఠాయి కొట్టు ముందు పిల్లవాడు ఏడుస్తాడు. తల్లి "వద్దు" అంటుంది. వాడు గొంతు పెంచుతాడు. నలుగురు చూస్తున్నారని తల్లి సిగ్గుపడి కొనిపెడుతుంది. ఆ క్షణములో ఇద్దరు పాఠము నేర్చుకొన్నారు. గట్టిగా ఏడిస్తే మిఠాయి దొరుకుతుందని పిల్లవాడు, మిఠాయి ఇస్తే ఏడుపు ఆగుతుందని తల్లి.

స్కిన్నర్ చూపిన మరొక సంగతి ఇంకను ముఖ్యమైనది. పావురము మీట నొక్కిన ప్రతిసారి గింజ పెట్టి, తరువాత మానివేస్తే అది త్వరలోనే నొక్కుట మానివేస్తుంది. కాని ఎప్పుడో ఒకప్పుడు, లెక్కకు అందకుండ గింజ పడుతూ ఉంటే, గింజ మానివేసిన తరువాత కూడ చాలాకాలము విడువక నొక్కుతూనే ఉంటుంది. పది సార్లు కాదని పదకొండవసారి మిఠాయి కొనిచ్చే తల్లి, ప్రతిసారి కొనిచ్చే తల్లికంటె మొండి ఏడుపును నేర్పుతుంది. పేకాట, లాటరీ మనిషిని పట్టుకొనేది ఈ గాలముతోనే. అరచేతిలోని సెల్ ఫోనును అయిదు నిమిషములకు ఒకసారి తీసి చూచుకొనుట కూడ ఇందులోనిదే. ఈసారి ఏదో వచ్చి ఉండవచ్చును! డబ్బు పెట్టి ఫోనులో ఆడే పేకాటను 2017లో తెలంగాణలోను, 2020లో ఆంధ్రప్రదేశ్‌లోను చట్టము చేసి నిషేధించవలసి వచ్చినదంటే ఆ గాలము ఎంత వాడిదో గ్రహించవచ్చును. అందులో చిక్కిన కుఱ్ఱవాడిని "నీకు బుద్ధి లేదా?" అని అడుగుట సులభము. ఆ ఆట వాని బుద్ధిని అడగకనే నేర్పినదని తెలిసికొనుట మేలు.

బెత్తము, బహుమతి

మరి శిక్ష సంగతి ఏమిటని పెద్దలు అడుగుతారు. మేము కూడ బెత్తము దెబ్బలు తిని చదివినవారమే. "అందుకే ఇంతవారమైనాము" అని చెప్పుకొనేవారిలో ఒకప్పుడు మేమును ఉన్నాము. కాని దెబ్బ ఏమి నేర్పుతుంది? ఏ పని చేయకూడదో చెప్పుతుందే గాని ఏది చేయవలెనో చెప్పదు. కొట్టేవారు ఎదుట ఉన్నంతవరకే పనిచేస్తుంది. పావ్లోవ్ చెప్పిన జోడు కూడ వెంటనే కుదురుతుంది: కొట్టిన మనిషి, ఆ గది, ఆ పుస్తకము, అన్నియు భయమునకు గుర్తులై నిలుస్తాయి. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను పాఠశాలలో శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించినది. ఇంటికి ఆ చట్టము రాకపోవచ్చును. మన వివేకము రావలెను.

అయితే బహుమతులతో అంతయు సాధింపవచ్చునా? అదియు కాదు. 1973లో మార్క్ లెప్పర్, ఆయన సహచరులు చిన్నపిల్లల బడిలో ఒక పరీక్ష చేసినారు. రంగు కలములతో బొమ్మలు వేయుట ఇష్టమున్న పిల్లలను ఎంచుకొన్నారు. కొందరికి "బొమ్మ వేస్తే బహుమతి ఇస్తాము" అని ముందే చెప్పి ఇచ్చినారు. కొందరికి చెప్పకుండ ఇచ్చినారు. కొందరికి ఏమియు ఇవ్వలేదు. ఒకటి రెండు వారముల తరువాత ఎవరు చెప్పకుండ రంగు కలములు పట్టుకొనే సమయమును కొలిచినారు. ముందుగా బేరము కుదిరిన పిల్లలు మిగిలినవారు గడిపినదానిలో సుమారు సగము సమయమే బొమ్మలతో గడిపినారు. ఆట పని అయిపోయినది! ఇష్టముతో చేసే పనికి కూలి కట్టవద్దు. పని పూర్తయిన తరువాత "నీవు ఈ ఆకు ఎంత శ్రద్ధగా వేసినావమ్మా" అన్న మాట చాలును.

చూచి నేర్చుట, మరల తలచుకొనుట

పిల్లలు చెప్పినది చేయరు, చూచినది చేస్తారు. 1961లో ఆల్బర్ట్ బండూరా, ఆయన సహచరులు దీనిని పరీక్షించి ప్రకటించినారు. 72 మంది చిన్నపిల్లలలో కొందరి యెదుట ఒక పెద్దమనిషి గాలిబొమ్మను సుత్తితో కొట్టి, తన్ని, దుర్భాషలాడినాడు. తరువాత ఆ పిల్లలను బొమ్మతో విడిచిపెడితే అట్లే కొట్టినారు. ఆ మాటలే అన్నారు. ఎవరు నేర్పలేదు, బహుమతి ఇవ్వలేదు. కాఫీ ఆలస్యమైనప్పుడు తండ్రి తల్లితో మాట్లాడే తీరును కుమారుడు ప్రతి ఉదయము చూస్తూనే ఉన్నాడు. ఇరవై ఏండ్ల తరువాత ఆ పాఠమును అతడు మరొక ఇంటిలో అప్పజెప్పుతాడు.

జ్ఞాపకమును గూర్చి ఒక్క మాట. జర్మనీ దేశస్థుడైన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థము లేని అక్షరముల జాబితాలను తానే కంఠస్థము చేసి, తానే మరచిపోయి, లెక్కలు వ్రాసి 1885లో గ్రంథముగా ప్రకటించినారు. ఒక గంటలోనే సగానికి మించి పోయినది. నెల గడిచేసరికి అయిదవ వంతు మిగిలినది. ఆదివారము ప్రసంగము సోమవారమునకు గుర్తు లేదని ఇక మేము ఎవరిని తప్పుపట్టము. మరచిపోకుండుటకు ఉపాయము ఉన్నది. ఒకే రాత్రి కూర్చుండి చదువుటకంటె, కొన్ని రోజులు విడిచి విడిచి చదువవలెను. మరల మరల చదువుటకంటె, పుస్తకము మూసి అప్పజెప్పుకొనుట మేలు. 2006లో రోడిగర్, కార్పికి అను ఇద్దరు ఈ సంగతిని పరీక్షించినారు. చదివినదానినే మరల చదివిన విద్యార్థులకు వారము తరువాత 42 శాతము గుర్తున్నది. పుస్తకము మూసి జ్ఞాపకము చేసికొని వ్రాసినవారికి 56 శాతము గుర్తున్నది. మన అమ్మమ్మల కాలమునాటి అప్పజెప్పుడు పద్ధతిలో మేలు ఉన్నదన్నమాట. అందులోనుంచి బెత్తమును మాత్రము తీసివేసికొందము.

ఇక "మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెత. ఇది సగమే నిజము. లండను నగరములో టాక్సీ నడుపుటకు వేలకొలది వీధులను కంఠస్థము చేసి పరీక్ష ఇవ్వవలెను. అట్లు చదువుచున్న పెద్దవారి మెదడులను చిత్రములు తీసి చూచి, ఉత్తీర్ణులైనవారిలో జ్ఞాపకమునకు సంబంధించిన ఒక భాగము పెరిగినదని 2011లో అక్కడి శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. మాను కూడ వంగుతుంది. ఎక్కువ కాలము పడుతుంది, అంతే.

మేము వ్రాసిన జవాబు

ఇప్పుడు మొదట చెప్పుతామన్న మా తప్పు.

మేము పరిచర్య ప్రారంభించిన తొలి సంవత్సరములలో మా సంఘములో ఒక తాపీ మేస్త్రి ఉండేవారు. కూలి డబ్బు చేతబడిన రోజున తాగి ఇంటికి వచ్చేవారు. మంచి పనివాడు. డోలక్ వాయిస్తే పిల్లల నుంచి ముసలివారి వరకు తల ఊపవలసినదే. ఒకనాడు తాగుడు మానివేసినారు. ఎనిమిది నెలలు ముట్టలేదు. ఆయన భార్య ముఖములో వెలుగు మేమందరము చూచినాము. తరువాత పాత స్నేహితులతో కలిసి వేరొక ఊరిలో పని ముగించి, కూలి తీసికొని, పాత దుకాణము ముందుగా తిరిగి వచ్చిన ఒక శనివారము రాత్రి మరల తాగినారు. మరునాడు ఎవరో మాకు చెప్పినారు. మేము చిన్నవారము, కొత్తవారము. నలుగురి యెదుట ఆయనతో ఇట్లన్నాము: "మీ మాట నమ్మి మేము మోసపోయినాము. మీ మార్పు నటన అని తేలినది. ఇక డోలక్ ముట్టవద్దు." ఆయన ఒక్క మాట కూడ అనలేదు. మరల రాలేదు. భార్య, పిల్లలు మాత్రము వచ్చి వెనుక కూర్చుండేవారు.

రెండేండ్లకు మాకు బదిలీ అయినది. సెలవు తీసికొనుటకు వారి ఇంటికి పోయినాము. ఆయన అరుగు మీద తాగి కూర్చున్నారు. మమ్ములను చూచి లేవబోయి, లేవలేక, ఇట్లన్నారు: "అయ్యగారూ, ఎనిమిది నెలలు మానినాను. ఆ రోజులను ఎవరూ లెక్కపెట్టలేదండి. ఒక్క రాత్రిని లెక్కపెట్టినారు."

ఆ మాట మా వెంట బండిలో వచ్చినది. క్రొత్త ఊరిలో పుస్తకముల పెట్టె విప్పుచుండగా మా కళాశాల నోటు పుస్తకము చేతికి తగిలినది. అందులో పావ్లోవ్ పాఠము ఉన్నది. శబ్దము వినిపించి తిండి పెట్టకుండ ఉంటే క్రమక్రమముగా లాలాజలము ఊరుట ఆగిపోతుంది. దీనిని విరమణ అంటారు. కాని కొంతకాలము విశ్రాంతి ఇచ్చి మరల ఆ శబ్దము వినిపిస్తే, ఆగిపోయిందనుకొన్నది తిరిగి వస్తుంది. దీని పేరు అయత్నసిద్ధ స్వాస్థ్యము. అనగా మానినది చెరిగిపోలేదు. పాత పాఠము క్రింద ఉన్నది, దాని మీద క్రొత్త పాఠము పరచబడినది. పాత గుర్తులు, పాత చోటు, పాత స్నేహితులు, చేతిలో కూలి డబ్బు ఎదురైతే క్రిందిది పైకి లేవవచ్చును. ఈ ప్రశ్నకు పరీక్షలో జవాబు వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొన్నవారము మేమే. ఆ మేస్త్రి యెదుట నిలుచున్న రోజున అందులో ఒక్క అక్షరము మాకు గుర్తుకు రాలేదు. ఆయన నటించలేదు. ఎనిమిది నెలలు క్రొత్త పాఠము చదివినారు. ఒక రాత్రి పాత పాఠము వినబడినది. మేము క్రొత్త పాఠమునే కొట్టివేసినాము. దానికి ఆయనను బలపరచిన డోలక్‌ను కూడ తీసివేసినాము.

చోటు ఎంత ముఖ్యమో చెప్పే ఒక వృత్తాంతము కలదు. వియత్నాం యుద్ధములో పనిచేసిన అమెరికా సైనికులలో చాలామంది అక్కడ హెరాయిన్ అను మాదకద్రవ్యమునకు బానిసలైనారు. 1971లో స్వదేశమునకు తిరిగివచ్చినవారిని లీ రాబిన్స్ అను పరిశోధకురాలు వెంబడించి విచారించినారు. అక్కడ బానిసలైనవారిలో మొదటి సంవత్సరములో మరల బానిసలైనవారు సుమారు 5 శాతము మాత్రమే. దీనికి కారణములు అనేకము ఉండవచ్చును. కాని ఆ చోటు, ఆ గుర్తులు, ఆ సహవాసము వెనుక ఉండిపోయినవనుట అందులో ఒకటి. మన మేస్త్రి ఎక్కడికి పోగలరు? ఆయన పని, దుకాణము, స్నేహితులు, ఇల్లు అన్నియు ఒకే వీధిలో ఉన్నవి. ఆయనకు క్రొత్త చోటు కావలసినది మన మధ్యనే గదా!

మరొక లెక్క చెప్పి ముగిస్తాము. లండనులో ఫిలిపా లాలీ, ఆమె సహచరులు 96 మందిని పరిశీలించి, ఒక చిన్న మంచి అలవాటు తనంతట తానుగా జరిగే స్థితికి వచ్చుటకు ఎంత కాలము పట్టునో 2010లో ప్రకటించినారు. మధ్యస్థముగా 66 రోజులు. కొందరికి 18 రోజులు, కొందరికి 254 రోజులు అని అంచనా. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రమున సాధన చెడిపోలేదు. అవి నీళ్ళు త్రాగుట, నడుచుట వంటి సులభమైన అలవాట్లు. తాగుడు వంటి కఠినమైనదానిని మానుటకు ఇంకెంత ఓపిక కావలెనో మీరే ఆలోచించండి.

మనము చేయగలిగినవి

కాబట్టి మా విన్నపములు కొన్ని.

మానుకొనుచున్నవారి రోజులను మనము కూడ లెక్కపెట్టుదము. ముప్పది రోజులైతే వారి ఇంటికి పోయి ఒక మంచి మాట చెప్పుదము. తప్పిపోయిన రోజున "ఏమైనది? ఎక్కడ, ఎవరితో, ఏ వేళ?" అని అడిగి, ఆ దారి మార్చుటకు తోడ్పడుదము. కూలి రోజున సాయంత్రము ఎవరైన ఒకరు తోడు నడిచి ఇంటికి చేర్చుట వందమంది మందలింపుకంటె మేలు. వారి చేతిలోని పనిని, డోలక్ కానీ, బల్లలు సర్దుట కానీ, తీసివేయకుందము. చాలాకాలముగా ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానితే ప్రాణాపాయము కలుగవచ్చును. కాబట్టి వారిని వైద్యుని యొద్దకు తీసికొనిపోవలెను. 2022లో ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ వారికి 14416 అను నంబరుకు ఫోను చేసి మాట్లాడవచ్చును. ఇందులో సిగ్గుపడవలసినది ఏమియు లేదు.

తల్లిదండ్రులారా, ఈ రాత్రి మీ ఇంటిలో బల్ల మీద చరిచే చేయి ఏదో, బిడ్డ ఏ చప్పుడుకు అదురుతున్నదో ఒకసారి చూచుకొనండి. మాకు మా ఇంటావిడ చెప్పినది. మీకును చెప్పేవారు మీ ఇంటిలోనే ఉన్నారు. అడగండి.

ఆ మేస్త్రిని గూర్చి తరువాత ఏమైనదని మీరు అడుగవచ్చును. మేము ఒక ఉత్తరము వ్రాసినాము. తప్పు మాది అని వ్రాసినాము. జవాబు రాలేదు. రావలెనని కోరుటకు మాకు హక్కు లేదు. నూరేండ్ల పండుగ చేసికొనుచున్న మనము కట్టిన గోడలను, చదివించిన పిల్లలను, పెట్టిన బడులను లెక్కపెట్టుకొంటాము. అది న్యాయమే. ఎవరును లెక్కపెట్టని ఎనిమిది నెలలు మన మధ్య ఇంకెన్ని ఉన్నవో అవి కూడ ఇకమీదట లెక్కలోనికి రావలెనని మా కోరిక.